గేట్ల చాచా విమానం

ఇది ఒక మహాగాథ. ఇందులో ఆకాశం ఉంది, రెక్కలున్నాయి, చీకటిని చీల్చే నిప్పురవ్వలున్నాయి, మృత్యువుకు ఎదురు నిలబడి ప్రశ్నలడిగిన ఒక ఇల్లాలు ఉంది. ఒకరోజైతే లోకమే తలకిందులైంది.

నిజం ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే మీరు మంచినీళ్లు దగ్గర పెట్టుకుని కూర్చుంటారు. గగన్‌పహాడ్‌లోని ఒక గేట్ల షెడ్డులో తయారైన బుల్లి విమానం ఇరవై మూడు కిలోలు ఎక్కువ తూగింది. సంగతి అంతే. నిప్పురవ్వలు వెల్డింగువి. ఆ ఇల్లాలు బ్లౌజులు కుడుతుంది. తలకిందులైంది లోకం కాదు, విమానం. దాన్ని మేమే బోర్లించాం, కింద పాత పరుపులు వేసి.

నేను ఆ షెడ్డులో గేట్లకు బొమ్మలు గీసేదాన్ని. మెకానికల్ డిప్లొమా చదివిన అమ్మాయికి దేశం అంతకన్నా పెద్ద బాధ్యత అప్పగించలేదు. గేటు చేయించుకునే వాళ్లందరికీ నెమలి కావాలి. బడంగ్‌పేట్ కొత్త కాలనీల్లో ఇప్పటికీ నా నెమళ్లు వీధి పొడవునా నిలబడి ఉంటాయి, అన్నిటికీ ఒకే ముఖం. కంప్యూటర్లో ఒకటి గీసి మిగతావాటికి అతికించాను మరి.

షెడ్డు మేస్త్రీని అందరూ చాచా అంటారు. యాభై దాటిన మనిషి, నిండైన మీసాలు, ఇంకా నిండైన పొట్ట. ఆయన వెల్డింగ్ చేస్తే అతుకు చేప పొలుసుల్లా వరుసగా పడుతుంది. ఆయనకో అలవాటుంది. గేటు బిగించాక ఇంటివాళ్ల ముందే దాని మీదికెక్కి, రెండు చేతులతో పట్టుకుని, ఒక్కసారి అటూ ఇటూ ఊగుతాడు. ఆ తర్వాతే తాళం చెవి ఇస్తాడు. "పిల్లలు ఊగకుండ ఉండే గేటు ఏడన్న ఉంటదా బేటీ? ముందు నేను ఊగిన, ఇగ ఎవలన్న ఊగనీ" అనేవాడు. కొత్త ఇంటి యజమానులు ఆ దృశ్యాన్ని భక్తితో ఫోన్లో తీసుకునేవారు.

షెడ్డు వెనక రాళ్ల గుట్ట ఉంది. మధ్యాహ్నం తిన్నాక నేనూ చాచా ఆ బండల మీద కూర్చుంటే దూరంగా శంషాబాద్ ఎయిర్‌పోర్టు వైపు విమానాలు దిగుతుండేవి. ఎండలో అవి దిగుతున్నట్టు ఉండేవి కావు, ఎవరో పైనుంచి దారం కట్టి నెమ్మదిగా వదులుతున్నట్టు ఉండేవి. చప్పుడు కాసేపటికి వచ్చేది. అప్పటికి విమానం కనిపించేది కాదు, చప్పుడు ఒక్కటే ఖాళీ ఆకాశంలో దాని కోసం వెతుక్కునేది. చాచా అంతవరకు విమానం ఎక్కలేదు. ఎక్కించే బంధువులు ఉన్నారు, ఆయనకే ఇష్టం లేదు. "ఎవలో చేసిన దాంట్ల నేనెందుకు కూసుంట? అతుకులు ఎట్ల ఏసిన్రో ఏమో" అనేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఒకరోజు ఒక సార్ ఇంటి గేటు కోసం వచ్చారు. కోస్తా వైపు మనిషి, విమానాల మరమ్మతు పనిలో జీవితమంతా గడిపి రిటైరయ్యారు. చిన్న విమానాలు నడిపే లైసెన్సు కూడా ఉంది. చాచా వేసిన అతుకును కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశారు. మర్నాడు చుట్ట చుట్టిన కాగితాలు పట్టుకొచ్చారు. రెండు సీట్ల చిన్న విమానం. ఆయన సొంతంగా గీసుకున్నది, వెల్డింగ్ నమ్మదగ్గ మనిషి దొరక్క ఏళ్ల తరబడి అటక మీద ఉన్నది.

"నడిపేది నేను. పక్క సీటు మీదండీ" అన్నారు సార్.

చాచా ఆ కాగితాల వంక చూసి, తర్వాత ఆకాశం వంక చూసి, "మరి గేటు?" అన్నాడు.

గేటు ఇప్పటికీ పెట్టలేదు.

ఆ తర్వాతి మూడేళ్లు నాకు కలలాగే గుర్తున్నాయి, చేతికి గ్రీజు అంటుకున్న కల. సార్ శనివారాలు వచ్చేవారు. చిన్న విమానం గురించి ఆయన చెప్పే మాటలు నిద్ర పట్టించేలా మెత్తగా ఉండేవి. "దీంట్లో ఉన్నదానికంటే లేనిది ముఖ్యమండీ. ఏదైనా పెట్టేముందు, ఇది లేకపోతే ఏమవుతుందని అడగాలి. ఏమీ కాదంటే, పెట్టకూడదు." సన్నటి ఉక్కు గొట్టాలతో ఒళ్లు, అల్యూమినియం పక్కటెముకలతో రెక్కలు, వాటి మీద బట్ట. గొట్టం గోడ మందం రూపాయి బిళ్ల కంటే తక్కువ. మొదటిసారి దాన్ని చేత్తో తూచి చూసిన చాచా ముఖం చూడాలి. కర్రీ పాయింట్‌లో చికెన్ కొని, ఇంటికొచ్చి విప్పితే పులుసు ఒక్కటే ఉన్నవాడి ముఖం.

రెక్కల బట్ట పని చాచీకి పడింది. చాచా భార్య, ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, కొలత ఒక్క నూలు తప్పదు. పక్కటెముకకూ బట్టకూ కలిపి రెండేసి అంగుళాలకొక ముడి వెయ్యాలి. ఒక్క రెక్కకే వందల ముడులు. ముడులయ్యాక బట్టను వేడితో బిగించాలి. దానికి వేరే యంత్రం అక్కర్లేదు, ఇంట్లో ఇస్త్రీ పెట్టె చాలు. చాచీ నెమ్మదిగా ఇస్త్రీ చేస్తూ పోతుంటే, వదులుగా వేలాడే బట్ట ఒక్కో గడీ ఊపిరి బిగబట్టినట్టు బిగుసుకునేది. వేలితో తడితే డప్పులా మోగేది. రెక్కను స్టాండ్ల మీద పెట్టి, మధ్యాహ్నం పూట నేను దాని కింద పడుకునేదాన్ని. పైనుంచి వచ్చే ఎండ బట్టలోంచి వడకట్టుకుని పాలరంగులో మీద పడేది, పక్కటెముకల నీడలు పొట్ట మీదుగా నడిచేవి. పెద్ద చేప కడుపులో ఉన్నట్టు, ఆ చేప ఎక్కడికో తీరిగ్గా ఈదుతున్నట్టు ఉండేది. ఒకరోజు ఆ మైకంలో పైకి చూస్తే రెక్క మధ్యలో ఒక నక్షత్రం తళుక్కుమంది. ఇస్త్రీ పెట్టెకు అంటుకొచ్చిన చమ్కీ అది, ఎవరిదో పెళ్లి బ్లౌజుది.

విమానం తయారయ్యింది. తూచాలి.

మూడు చక్రాల కింద మూడు కాంటాలు పెట్టాం, పక్కనున్న పాత ఇనుము దుకాణంలోంచి తెచ్చినవి. సార్ మూడు అంకెలు రాసుకుని కూడారు. మళ్లీ కూడారు. కాగితం నాకిచ్చి నన్ను కూడమన్నారు. నేనూ కూడి చూశాను. లెక్క ఎవరు చేసినా మారని రోజులు కొన్ని ఉంటాయి.

"ఉండాల్సిన దానికంటే ఇరవై మూడు కిలోలు ఎక్కువండీ" అన్నారు సార్. "పైగా అందులో సగం తోక వైపే ఉన్నట్టుంది. తోక బరువైతే ముక్కు లేస్తుంది, ముక్కు లేస్తే వేగం చస్తుంది."

"అంటే?" అన్నాడు చాచా.

"అంటే, ఇలాగే ఉంటే రెండో సీట్లో మనిషి కూర్చోకూడదు. మొత్తం బరువుకి ఒక హద్దుందండీ. అది దాటితే నేను ఎక్కించను."

 చాచా పక్క సీటు దాకా వెళ్లి, దాని మీదున్న ధూళి చేత్తో తుడిచాడు. విమానం ఎగురుతుంది, చేసినవాడు కింద ఉంటాడు. విషాదం బాగా కుదిరేదే, కానీ అదే సమయానికి ఆయన ఫోన్ మోగింది. బాలాపూర్ నుంచి ఎవరో, నెమలి తోక చిన్నగా వచ్చిందని.

నేను బొమ్మ కాగితాలు పట్టుకుని విమానం కింద దూరాను. ఒక్కో అతుకునూ బొమ్మతో పోల్చుకుంటూ తోక నుంచి ముక్కు దాకా పాకాను. మూడో అతుకు దగ్గరే దొంగ దొరికాడు. గొట్టం, గొట్టం కలిసే మూలలో శుభ్రంగా, పొందిగ్గా, చేప పొలుసుల అతుకుతో, ఒక ముక్కోణపు ఇనుప పట్టీ. తర్వాతి మూలలో ఇంకోటి. ముక్కు చేరేసరికి ముప్పై ఎనిమిది.

"చాచా, గివేంది?"

"ఏవి?"

"ఈ పట్టీలు. బొమ్మల లెవ్వు గద."

"బొమ్మల లేకపోతే ఏంది బేటీ, అతుకు అన్నంక పట్టీ ఉండాలె గద. గీసినోళ్లు మర్చిపోయిన్రనుకున్న."

"ముప్పై ఎనిమిది చోట్ల మర్చిపోయిన్రా?"

చాచా సార్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "సార్ పెద్దమనిషి. మర్చిపోయిన్రు అంటే బాధపడ్తరని చెప్పకుంటనే ఏసిన."

సార్ అంతా విన్నారు. మూడేళ్ల శనివారాల్లో ఆయన అతుకుల అందమే చూశారు, పట్టీలను చూడలేదు. నా పక్కనే వంగి, ఒక పట్టీని వేలితో తడిమి, "చాలా బాగా వేశారండీ" అన్నారు. మర్యాదతో మనుషులు చచ్చిపోవచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

అది చాలదన్నట్టు, ఆ ఉక్కు మొత్తానికి రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేసి ఉంది. ఇనుమును రంగు లేకుండా చూస్తే చాచాకు ఒంటి మీద బట్టల్లేని మనిషిని చూసినట్టు ఉంటుంది. రెండు పూతలకూ బరువుంది. సార్ తర్వాత మెల్లిగా ఇంకోటి అడిగారు, "తోక మీద ఊగి చూశారా ఏమైనా?"

"ఒక్కసారే సార్" అన్నాడు చాచా.

సార్ మంచినీళ్లు అడిగారు.

పట్టీలు తీయడానికి నెలన్నర పట్టింది. చాచా గ్రైండర్ ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. తనే వేశాడు, తనే కోశాడు. ఒక్కో పట్టీ ఊడినప్పుడల్లా చిన్న నిట్టూర్పు విడిచి బకెట్లో వేసేవాడు. షెడ్డు తలుపు సందుల్లోంచి సాయంత్రపు వెలుగు, అందులో తేలే ఇనుప పొడి, ఆ పొడిలో తలపాగా చుట్టుకున్న చాచా. దూరం నుంచి చూస్తే బంగారపు వానలో ఎవరో తపస్సు చేస్తున్నట్టు ఉండేది. దగ్గరికెళ్తే తుమ్ములు వచ్చేవి. చివరి రోజున బకెట్ ఎత్తి చూద్దామనుకున్నాను. అందులో ఉన్నది పట్టీలు కాదు, చాచా సీటు కదా అని భక్తిగా రెండు చేతులూ వేశాను. ఎత్తగానే బకెట్ పిడి ఊడొచ్చింది. దానికి మాత్రం పట్టీ వెయ్యలేదు ఆయన.

మళ్లీ తూచాం. పట్టీలూ రంగూ కలిపి పదిహేను కిలోలు తగ్గింది. తోక దారికొచ్చింది. ఇంకా ఎనిమిది కిలోలు ఎక్కువ.

అప్పుడు చాచీ షెడ్డుకొచ్చింది. చేతిలో కొలత టేపు లేదు, దారం ఉండ కూడా లేదు, ఉత్త చేతులతో వచ్చి నిలబడింది.

"మీరిద్దరు ఒకలికొకలు మర్యాద జేసుకునుడు అయిపోయిందా? ఇగ నేను అడుగుత. సార్, ఈయన గ్రైండర్ పట్టిండు గద. గా సన్నటి గొట్టానికి ఏడన్న గీత పడ్డదేమో ఎట్ల తెలుస్తది?"

"ప్రతి అతుకూ భూతద్దంతో చూశానమ్మా."

"అద్దంల చూస్తె బ్లౌజు గూడ మంచిగనే ఉంటది. చెయ్యి లేపితెనే తెలుస్తది యాడ పిగులుతదో."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది సరైన మాటని ఆయనకు తెలుసు. "ఇసుకతో చూద్దామమ్మా" అన్నారు.

"నా కండ్ల ముంగట చూడాలె. అప్పటిదాంక ఈయన దాంట్ల కూసోడు."

ఆ పరీక్ష నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. ఎగిరేటప్పుడు గాలి రెక్కను కింది నుంచి పైకి మోస్తుంది. కింది నుంచి పైకి నెట్టే గాలిని షెడ్డులోకి తెచ్చుకోలేం. ఇసుకకేమో కిందికి పడటం ఒక్కటే వచ్చు. కాబట్టి విమానాన్నే బోర్లిస్తే, ఇసుక గాలిలా నటిస్తుంది. పక్కన కడుతున్న అపార్ట్‌మెంటు వాళ్లను అడిగి ఇసుక తెచ్చాం, సంచికి ఇరవై ఐదు కిలోల చొప్పున తూచి కట్టాం. బరువు బట్ట మీద కాకుండా పక్కటెముకల మీద పడేట్టు చెక్కలు పరిచాం. ఈ కొస నుంచి ఆ కొసకు ఒక దారం లాగి, మధ్యలో గుర్తు పెట్టాం.

"నిండు బరువుకి నాలుగు రెట్లు మొయ్యాలి" అన్నారు సార్. "లెక్క ప్రకారం ఆరు రెట్లు మోస్తుంది. కానీ ఎగరబోయే రెక్కను అంత దూరం లాగకూడదండీ, తర్వాత దాన్ని మనమే నమ్మలేం."

షెడ్డు పనివాళ్లు అటు ఒకటి, ఇటు ఒకటి, సంచులు పెట్టుకుంటూ పోయారు. ఇరవై. నలభై. రెక్కల కొసలు నెమ్మదిగా కిందికి వంగాయి, నిద్రొస్తున్నవాళ్లు తల వాల్చినట్టు. యాభై.  బయట హైవే మీద లారీల చప్పుడు నీళ్ల కిందనుంచి వస్తున్నట్టు వినిపిస్తోంది. చాచీ రెక్క పక్కన ఒంగి తన ముడులనే చూస్తోంది. చాచా ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు, చేతులు మోకాళ్ల మధ్య. అరవై. డెబ్బై. ఆఖరి సంచి. పనివాళ్లు వెనక్కి జరిగారు.

"ఒకటి" అన్నారు సార్. "రెండు."

ఫట్‌మంది.

 చాచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడేళ్లూ, వందల ముడులూ, బకెట్టెడు పట్టీలూ, అన్నీ ఆ ఒక్క చప్పుడులో కూలిపోయాయి. చాచా కూడా కూలిపోయాడు. నేల మీద వెల్లకిలా ఉన్నాడు. కుర్చీ కాలు విరిగింది.

"మూడు" అన్నారు సార్, రెక్క మీంచి చూపు తిప్పకుండా.

సంచులు ఒక్కోటీ దించాం. రెక్కలు మేలుకుంటున్నట్టు పైకి లేచాయి. దారం మధ్యలోని గుర్తు మొదట ఉన్న చోటికే వచ్చి నిలిచింది, వెంట్రుక తేడా లేదు. చాచీ దగ్గరికెళ్లి దారాన్ని తన కళ్లతో చూసింది, వేలితో చూసింది, సార్‌ను ఇంకోసారి చూడమంది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"విమానం మోస్తది అజీ. కుర్చీ మోస్తలేదు. ఇగ తిండి బంద్."

ఎనిమిది కిలోలు మనిషిలోంచి తీయాలని అలా నిర్ణయమైంది. రెండు నెలలు సొరకాయ, జొన్న రొట్టె. రోజూ పొద్దున కాంటా మీద నిలబడటం. నేను గోడ మీద సుద్దతో అంకె రాసేదాన్ని. మధ్యాహ్నాలు బండ మీద కూర్చుని దిగే విమానాలను చూసేవాళ్లం. ఆకలితో చూస్తే ఆకాశం ఇంకా శుభ్రంగా ఉంటుందని చాచా అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఆ సాయంత్రమే ఆరాంఘర్ దగ్గర మిర్చి బజ్జీల బండి ముందు దొరికాడు.

"ఏందిది?" అంది చాచీ.

"చూస్తున్న అంతే."

"మూతికి నూనె ఎట్ల అంటింది మరి? చూపుకు గూడ నూనె అంటుతదా?"

ఆలోగా సార్ అనుమతి కాగితాల పని ముగించారు. ఆ ఫైలును కూడా కాంటా మీద పెట్టాలేమో అని నాకు అనిపించింది. ఇంత పెద్ద ఎయిర్‌పోర్టు పక్కన మా విమానం అంగుళం కూడా లేవకూడదు. అందుకని రెక్కలు విప్పి, లారీకెక్కించి, నాలుగు గంటల దూరంలోని ఒక చిన్న రన్‌వేకి తీసుకెళ్లాం. మొదట కొన్ని వారాలు సార్ ఒక్కరే నడిపారు. అది ఎగిరింది. గొప్పగా ఏమీ కాదు, గాలికి లేచిన కాగితం కాస్త మర్యాద నేర్చుకున్నట్టు ఎగిరింది.

చాచా వంతు వచ్చిన రోజు పొద్దున మంచు పలచగా ఉంది. రన్‌వే అంచుల్లో గడ్డి తడిసి ఉంది, విమానం తెల్లగా, ఇంకా నిద్రలో ఉన్నట్టు నిలబడి ఉంది. చాచా కొత్త చొక్కా వేసుకున్నాడు. కాంటా మీద నిలబడ్డాడు. ఆరు కిలోలు తగ్గాడు. ఇంకా రెండు ఎక్కువ.

"జర ఆగున్రి" అని బూట్లు విప్పాడు. గడియారం తీశాడు. ఫోన్, తాళంచెవులు, జేబులోని వక్కపొడి పొట్లం చాచీ చేతిలో పెట్టాడు. బెల్టు తీశాడు. బూట్లూ అవీ సార్ లెక్కలోంచి ముందే తీసేశారు, షెడ్డులో రోజూ చాచా అవి లేకుండానే తూగాడు. ఆ రెండు కిలోలు ఒంట్లోవే.

"మీసాలు గూడ తీసెయ్" అంది చాచీ. నవ్వించాలని అంది. ఎవరికీ నవ్వు రాలేదు.

చాచా కాంటా దిగలేదు. సార్ ముఖం చూడలేదు, విమానం ముఖం చూడలేదు, కాళ్ల దగ్గరి అంకెను చూస్తూ ఉండిపోయాడు. చాచీ వెళ్లి ఆయన మోచేయి పట్టుకుంది. "వచ్చే నెల వద్దాం తీ. సొరకాయ ఏడికి పోతది" అంది. ఆమె గొంతు ఆ మాటకు సరిపోలేదు. నాకు ఒక జోకు తట్టింది, చెప్పలేదు. అది నా జీవితంలో నేను చేసిన ఏకైక త్యాగం.

సార్ అప్పటికి విమానం అవతలి పక్కన వంగి ఉన్నారు. ఒక రబ్బరు పైపు, ఒక డబ్బా. ట్యాంకులోంచి పెట్రోలు డబ్బాలోకి సన్నగా పడుతోంది.

"ఏం జేస్తున్రు సార్?" అన్నాను.

"మూడు లీటర్లు తీసేస్తున్నానమ్మా. సరిపోతుంది. ఎక్కండి మేస్త్రీగారూ."

చాచా పెట్రోలు డబ్బా వంక చూశాడు. "సార్... మరి రెండు నెల్ల సంది సొరకాయ?"

"ఎనిమిది కిలోలూ పెట్రోల్లో తీస్తే తిరిగి రాలేమండీ. రెండైతే ఫర్వాలేదు."

"ముందుగాల చెప్పొద్దా?"

"చెబితే ఆరు కూడా తగ్గేవారు కాదు కదండీ."

చాచా బూట్లు లేకుండానే ఎక్కాడు. విమానం కొంత దూరం గడ్డి పక్కన పరుగెత్తి, ఒక క్షణం తటపటాయించి, నేలను వదిలేసింది. పైన మలుపు తిరిగినప్పుడు ఎండ రెక్కల్లోంచి ఇటు దిగింది, పక్కటెముకలన్నీ కనిపించాయి. చాచీ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని పెదాలతో ఏదో లెక్కబెడుతోంది. దేవుణ్ని వేడుకునే దువానో, రెక్కల ముడులో, నేను అడగలేదు. తర్వాత అది చిన్నదై, తెల్లటి చుక్కై, చూస్తూ చూస్తూ ఎక్కడుందో తెలియకుండా పోయింది. చప్పుడు మాత్రం చాలాసేపు మా చుట్టూ తిరిగింది.

దిగాక చాచీ పరుగున వెళ్లి, "ఎట్లున్నదీ?" అని అడిగింది.

"ఆఁ? జర గట్టిగ చెప్పు" అన్నాడు చాచా. ఇంజిన్ హోరుకు చెవులు మూసుకుపోయాయి. కళ్లు మాత్రం ఇంకా కిందికి దిగలేదు.

నలభై నిమిషాలు అనుకున్నది పాతిక నిమిషాలకే దిగారు. వాతావరణం బాగానే ఉంది, ఇంజిన్ బాగానే ఉంది. లీటరు పెట్రోలు సుమారు ముప్పావు కిలో తూగుతుంది. ఆ రెండు కిలోల మిర్చి బజ్జీలకు పదిహేను నిమిషాల ఆకాశం పోయింది.